పనిని మలచుకొనే నేర్పు

ఉద్దేశం

చేతికి వచ్చిన ఉద్యోగాన్ని యథాతథంగా నిర్వహించడమే కాక, దానిని తన బుద్ధికి, అభిరుచికి, సమాజ అవసరానికి అనుగుణంగా మలచుకొన్నప్పుడు అందులో సృజన ఎట్లా పుడుతుందో మన ప్రాంతపు ఉదాహరణల ద్వారా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మనిషి మేల్కొని ఉండే కాలంలో అధికభాగం పనిలోనే గడిచిపోతుంది. ఆ పని కోసం సిద్ధమయ్యే వయస్సు ఇంటర్మీడియట్ విద్యార్థులది. ఏ ఉద్యోగం వస్తుంది, ఎక్కడ వస్తుంది, జీతం ఎంత వస్తుంది అనే మూడు ప్రశ్నల చుట్టూ వారి ఆలోచనలు, వారి తల్లిదండ్రుల ఆలోచనలు తిరుగుతుంటాయి. ఇవి అవసరమైన ప్రశ్నలే. అయితే వీటితో పాటు అడగవలసిన నాలుగవ ప్రశ్న ఒకటి ఉన్నది. వచ్చిన ఉద్యోగాన్ని మనం ఏం చేస్తాం?

కోరుకొన్న ఉద్యోగం అందరికీ దొరకదు. సుల్తానాబాద్ పట్టణాన్నే తీసుకొందాం. ఇది రాజీవ్ రహదారి మీద, కరీంనగర్‌కు పెద్దపల్లికి నడుమ ఉన్నది. శ్రీరాంసాగర్ కాలువ నీటితో పండిన వడ్లు ఇక్కడి రైసు మిల్లులకు చేరుతాయి. మరికొంత దూరం పోతే రామగుండం విద్యుత్ కేంద్రం, గోదావరిఖని బొగ్గు గనులు వస్తాయి. ఈ ప్రాంతంలో చదివినవారిలో కొందరు మిల్లులో గుమస్తాలవుతారు. కొందరు గనిలోకి దిగుతారు. కొందరు ఉపాధ్యాయులవుతారు. కొందరు హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చుంటారు. మరికొందరు గల్ఫ్ దేశాలకు వెళ్తారు. వీరిలో చాలామందికి ఉద్యోగం ఎంచుకొన్నది కాదు, దొరికింది. దొరికిన పనిని ఉన్నది ఉన్నట్లు చేసి సాయంత్రానికి చేతులు దులుపుకొనేవారు కొందరు. అదే పనిని లోపలినుండి కొద్దికొద్దిగా మార్చుకొని, అంతకు ముందు లేనిదానిని సృష్టించేవారు మరికొందరు. ఈ రెండవ తెగవారిని గురించి తెలుసుకోవడం మన భవిష్యత్తుకు సంబంధించిన విషయం.

పని ఒకరిది, ఆలోచన మరొకరిదా?

పూర్వం మన పల్లెల్లో కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె మొదలైన వృత్తులవారు పనిని, ఆలోచనను వేరుచేసి చూడలేదు. నాగలి కర్రును ఎంత వంచాలో కమ్మరే నిర్ణయించేవాడు. చీర అంచు మీద ఏ పువ్వు రావాలో నేతగాడే ఊహించేవాడు. చేయి, మనస్సు ఒకే మనిషిలో కలిసి ఉండేవి.

కర్మాగారాలు వచ్చిన తరువాత ఈ స్థితి మారింది. ఒక పనిని చిన్నచిన్న ముక్కలుగా విభజించి ఒక్కొక్క ముక్కను ఒక్కొక్కరికి అప్పగిస్తే ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరుగుతుందని ఆడమ్ స్మిత్ 1776లో ప్రచురించిన తన గ్రంథంలో గుండుసూదుల తయారీని ఉదాహరణగా చూపి వివరించాడు. అమెరికా ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో వెలువరించిన గ్రంథంలో ఈ భావాన్ని మరింత ముందుకు తీసుకుపోయాడు. పని ఎట్లా చేయాలో ఆలోచించడం యాజమాన్యం వంతు, చెప్పినది చెప్పినట్లు చేయడం కార్మికుని వంతు అన్నది ఆ పద్ధతి సారాంశం. దీనివల్ల వస్తువులు విస్తారంగా, చౌకగా తయారైన మాట వాస్తవం. కాని రోజంతా పనితో కలిసి మెలిగే మనిషి బుద్ధికి ఆ పనిలో చోటు లేకుండా పోయింది. యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో, ఏ కాగితం వృథాగా తిరుగుతున్నదో, ఏ నియమం ప్రజలను ఇబ్బంది పెడుతున్నదో అందరికన్నా ముందు తెలిసేది అక్కడ పనిచేసేవానికే. అతనిని అడిగేవారు లేకపోతే ఆ జ్ఞానం అతనితోనే అణగిపోతుంది.

ఈ లోపాన్ని పండితులు క్రమంగా గుర్తించారు. 2001లో ఏమీ రెస్నెస్కీ, జేన్ డట్టన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒక వ్యాసంలో కొత్త భావనను ప్రతిపాదించారు. ఉద్యోగి తన పని రూపురేఖలను పైవారి ఉత్తర్వు కోసం ఎదురుచూడకుండా తానే మలచుకోవడం దాని సారం. శిల్పి రాతిని మలచినట్లు ఉద్యోగి తన పనిని మలచుకొంటాడు. రాయి మారదు, శిల్పం పుడుతుంది. ఉద్యోగం పేరు మారదు, హోదా మారదు. పని స్వరూపం మాత్రం మారుతుంది.

మూడు మార్గాలు

పనిని మలచుకొనే విధానాలను ఆ పరిశోధకులు మూడు విధాలుగా వర్గీకరించారు.

మొదటిది, పనులలో మార్పు. ఉద్యోగి తన బాధ్యతకు కొత్త పనిని జోడిస్తాడు, లేదా ఉన్న పనిని చేసే తీరును మారుస్తాడు. రెండవది, సంబంధాలలో మార్పు. పని సందర్భంలో ఎవరితో మాట్లాడుతున్నాడు, ఎంతవరకు మాట్లాడుతున్నాడు అనే విషయంలో కొత్త దారి తొక్కుతాడు. మూడవది, దృష్టిలో మార్పు. తాను చేస్తున్నది ఏమిటి, ఎవరికోసం అనే భావననే మార్చుకొంటాడు.

ఆస్పత్రిలో నేల తుడిచే ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనం ఈ భావనకు ఆధారమైంది. ఒకే ఆస్పత్రిలో, ఒకే జీతానికి, ఒకే పని చేసేవారిలో రెండు తెగలు కనిపించాయి. కొందరు తమ పని శుభ్రం చేయడం మాత్రమే అన్నారు. మరికొందరు తమను రోగులకు స్వస్థత చేకూర్చేవారిలో ఒకరుగా భావించుకొన్నారు. రోగులతో, వారి బంధువులతో రెండు మాటలు మాట్లాడారు. స్పృహలేని రోగులున్న వార్డులో పనిచేసే ఒక ఉద్యోగిని గోడల మీది చిత్రపటాలను అప్పుడప్పుడు మార్చి పెట్టేది. పరిసరాలు మారితే వారిలో ఏమైనా కదలిక రావచ్చునని ఆమె ఆశ. ఆ పని చేయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మన పరిసరాలకు వస్తే, ఒక రైసు మిల్లు గుమస్తాను ఊహించుకొందాం. వచ్చిన వడ్ల బస్తాలను తూకం వేయించి పుస్తకంలో రాసుకోవడం అతని విధి. అతడు తూకంతో పాటు ఆ వడ్లు ఏ ఊరివి, ఏ రకానివి, తేమ ఎంత ఉన్నది అనేవి కూడా మరొక పుస్తకంలో రాసిపెట్టుకొంటాడు. ఇది పనిలో మార్పు. మర పట్టిన తరువాత ఏ బస్తాల నుండి నూకలు ఎక్కువ వచ్చాయో మర దగ్గరి మనిషిని అడిగి తెలుసుకొంటాడు. వడ్లు ఎట్లా ఆరబెట్టారో రైతును అడుగుతాడు. ఇది సంబంధాలలో మార్పు. తన పని లెక్క రాయడం కాదు, గింజ విరగకుండా చూడడంలో ఒక భాగం అని భావిస్తాడు. ఇది దృష్టిలో మార్పు. నాలుగు నెలలు గడిచేసరికి నూకలు ఎందుకు పెరుగుతున్నాయో యజమానికన్నా అతనికే ఎక్కువ తెలుస్తుంది. అతని జీతపు పట్టీలో మాత్రం ఇప్పటికీ గుమస్తా అనే ఉంటుంది.

కచేరి ఉద్యోగం నుండి నిఘంటువు వరకు

ఈ భావనకు పేరు ఇరవై ఒకటవ శతాబ్దంలో వచ్చినా, ఆచరణ పాతదే. తెలుగు సాహిత్య చరిత్రలో దీనికి గొప్ప నిదర్శనం చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో జన్మించిన బ్రౌన్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1817లో మద్రాసు చేరాడు. 1820లో కడపకు వచ్చాడు. అటుపిమ్మట మచిలీపట్నం, రాజమహేంద్రవరం మొదలైన పలుచోట్ల రెవెన్యూ, న్యాయ శాఖలలో పనిచేశాడు. పన్నుల వ్యవహారాలు చూడడం, వ్యాజ్యాలు విని తీర్పు చెప్పడం అతని విధులు. ఇందుకోసం కంపెనీ ఉద్యోగులు దేశభాష నేర్చుకోవాలన్న నియమం ఉండేది. రైతు చెప్పేది అర్థమైతే చాలు, ఆ నియమం నెరవేరినట్లే.

బ్రౌన్ అక్కడితో ఆగలేదు. ఉద్యోగానికి సాధనంగా నేర్చిన భాషను జీవితకాలపు కృషిగా మార్చుకొన్నాడు. పండితులను చేరదీశాడు. పల్లెపల్లెనా అటకల మీద చివికిపోతున్న తాళపత్ర గ్రంథాలను సేకరింపజేశాడు. ఒకే కావ్యానికి దొరికిన పలు ప్రతులను పోల్చి, పాఠాలను సరిచూచి, శుద్ధప్రతులు రాయించాడు. కడపలోని తన బంగళాలో పండితులకు, లేఖకులకు తన సొంత సొమ్ముతో జీతాలిచ్చాడు. అందుకోసం అప్పులు కూడా చేశాడు. 1829లో వేమన పద్యాలను ఆంగ్లానువాదంతో ప్రచురించాడు. 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఆంగ్లంలో వెలువరించాడు. 1852-53 సంవత్సరాలలో అతని నిఘంటువులు వెలువడ్డాయి.

ఇక్కడ మనం గమనించవలసినది బ్రౌన్ పాండిత్యాన్ని మాత్రమే కాదు, ఆ పాండిత్యం పుట్టిన చోటును. వ్యాజ్యం కోసం కచేరికి వచ్చే రైతు, వర్తకుడు, కరణం మాట్లాడే మాటలు అతని చెవిలో నిత్యం పడుతుండేవి. అందుచేతనే అతని నిఘంటువులో కావ్యాల మాటలతో పాటు జనవ్యవహారంలోని మాటలకు కూడా స్థానం లభించింది. గ్రంథాలయంలో కూర్చున్న పండితునికి ఆ మాటలు అంత సులభంగా దొరకవు. అతని ఉద్యోగం అతని సృజనకు అడ్డు రాలేదు, ముడిసరుకును అందించింది.

తరగతి గది దాటిన ఉపాధ్యాయుడు

రెండవ నిదర్శనం గిడుగు వేంకట రామమూర్తి. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించిన గిడుగు 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరాడు. ఆనాడు అది మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. ఇప్పుడు ఒడిశాలో ఉన్నది. తన తరగతికి వచ్చిన పిల్లలకు పాఠం చెప్పడం ఆయన ఉద్యోగం. కాని ఆ చుట్టుపక్కల కొండలలో సవరలు నివసిస్తుండేవారు. వారి పిల్లలు ఏ తరగతికీ రారు. వచ్చినా అక్కడి భాష వారికి అర్థం కాదు.

వారికి చదువు చెప్పాలంటే ముందు వారి భాష రావాలని గిడుగు భావించాడు. ఆ భాష నేర్చుకోవడానికి వాచకం లేదు, వ్యాకరణం లేదు. తెలుగు, సవర రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట్లో పెట్టుకొని, ఒక్కొక్క మాటను అడిగి తెలుసుకొని రాసుకొన్నాడు. కొండలలో తిరిగాడు. ఆ తిరుగుడులో మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి శక్తి దెబ్బతిన్నది. అయినా కృషి మానలేదు. సవర భాషలో వాచకాలు, కథలు, పాటలు రాసి ఆ పిల్లలకు బడులు ఏర్పాటు చేయించాడు. 1931లో ఆయన సవర వ్యాకరణ గ్రంథం వెలువడింది. అదే దశకంలో నిఘంటువులు కూడా వెలువడ్డాయి.

ఈ కృషి మరొక పెద్ద ఆలోచనకు దారి తీసింది. ఒక జాతి నోట పలికే మాటను శ్రద్ధగా విని, దానికి నియమాలున్నాయని గ్రహించిన ఉపాధ్యాయుడు తన మాతృభాష వైపు తిరిగి చూచాడు. పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ. యేట్స్ 1907 ప్రాంతంలో, జనం మాట్లాడే తెలుగుకు పుస్తకాలలోని తెలుగుకు ఇంత అంతరం ఎందుకని ప్రశ్నించాడు. ఆ ప్రశ్న గిడుగును కదిలించింది. గురజాడ అప్పారావు వంటి వారితో కలిసి వ్యావహారిక భాషోద్యమాన్ని నడిపించాడు. తీవ్రమైన వ్యతిరేకతను ఎదుర్కొన్నాడు. 1940లో మరణించేవరకు ఆ పక్షాన నిలిచాడు. ఈ పాఠాన్ని మీరు చదువుతున్న భాష వెనుక ఆ ఉద్యమం ఉన్నది. ఒక ఉపాధ్యాయుడు తన ఉద్యోగపు హద్దును తరగతి గది గుమ్మం దగ్గర గీసుకొని ఉంటే, మన వాచకాల భాష మారడానికి ఇంకా ఎంతకాలం పట్టేదో చెప్పలేం.

అమ్మ చేతుల నొప్పి

పై ఇద్దరూ పెద్ద చదువులు చదివినవారు కదా, సామాన్యులకు ఇది సాధ్యమా అని సందేహం కలగవచ్చు. దానికి సమాధానం మన తెలంగాణలోనే ఉన్నది. చింతకింది మల్లేశం యాదాద్రి భువనగిరి జిల్లా ఆలేరు సమీపంలోని శారాజీపేటకు చెందిన చేనేత కుటుంబంలో జన్మించాడు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. మల్లేశం ఒకరి దగ్గర ఉద్యోగి కాదు, కులవృత్తి చేసుకొనేవాడు. అయినా తరతరాలుగా ఒకే తీరున సాగుతున్న పనిని మలచుకోవడం ఎట్లాగో ఆయన జీవితం చూపుతుంది.

పోచంపల్లి చీర మీద రంగుల ఆకృతులు రావాలంటే, నేతకు ముందే నూలును లెక్క ప్రకారం అమర్చి, అక్కడక్కడ కట్లు కట్టి రంగులద్దాలి. ఆ అమరికకు ఆసు పోయడం అని పేరు. అర్ధచంద్రాకారపు చట్రానికి ఉన్న మేకుల చుట్టూ దారాన్ని చేతితో ఇటునుండి అటు, అటునుండి ఇటు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి కదలాలి. సాధారణంగా ఆడవారు చేసే పని ఇది. మల్లేశం తల్లి లక్ష్మికి ఏళ్ళ తరబడి ఆసు పోసి భుజాలు, మోచేతులు నొప్పి పెట్టేవి. ఇక తన వల్ల కాదని ఆమె అంటుండేది.

ఆసు పోయడం ఆడవారి పని, నొప్పి దానితో పాటు వచ్చేది అని ఊరంతా అనుకొన్న చోట మల్లేశం దానిని పరిష్కరించదగిన సమస్యగా చూచాడు. 1992లో యంత్రం తయారుచేయడానికి పూనుకొన్నాడు. డబ్బు చాలక ఒక భాగం పూర్తయిన తరువాత మరొక భాగం మొదలుపెట్టేవాడు. ఊరివారు ఎగతాళి చేశారు. ఉపాధి కోసం హైదరాబాదు వెళ్ళి పనిచేశాడు. అక్కడ బాలానగర్‌లోని ఒక కార్ఖానాలో ఒక యంత్రపు కదలికను చూచినప్పుడు తనకు చిక్కకుండా ఉన్న చివరి చిక్కు విడిపోయింది. 1999లో యంత్రం సిద్ధమైంది. దానికి తల్లి పేరుతో లక్ష్మీ ఆసు యంత్రం అని పేరు పెట్టాడు. గంటల తరబడి సాగే పని గంటన్నరకు తగ్గింది. 2017లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది.

ఇందులో మూడు మార్గాలూ కనిపిస్తాయి. నొప్పిని సహజమని అంగీకరించకపోవడం దృష్టిలో మార్పు. మగ్గం దాటి కార్ఖానా వారి మధ్యకు వెళ్ళడం సంబంధాలలో మార్పు. చేతితో చేసే పనిని యంత్రానికి అప్పగించడం పనిలో మార్పు. ఈ మూడూ కలిసినప్పుడు కొత్త వస్తువు పుట్టింది.

పదిమంది కలిసిన ఆలోచన

ఒంటరిగా మార్పు చేయడం అన్ని చోట్లా సాధ్యం కాదు, కొన్ని చోట్ల తగదు కూడా. బొగ్గు గనిలో పైకప్పుకు ఆధారం పెట్టే తీరును, విద్యుత్ కేంద్రంలో భద్రతా నియమాన్ని ఒక్క మనిషి తన ఇష్టం వచ్చినట్లు మారిస్తే ప్రాణాలకే ముప్పు. ఇటువంటి చోట్ల కలిసి ఆలోచించడం, పరీక్షించడం, అనుమతి తీసుకొని అమలు చేయడం అవసరం.

ఇందుకు ఉపకరించే పద్ధతి ఒకటి 1962లో జపాన్‌లో ప్రారంభమైంది. దాని పేరు క్వాలిటీ సర్కిల్. ఒకే చోట పనిచేసే కొద్దిమంది స్వచ్ఛందంగా ఒక జట్టుగా ఏర్పడి, క్రమం తప్పకుండా కలుసుకొని, తమ పనిలోని ఒక సమస్యను ఎన్నుకొంటారు. దాని కారణాలను వెదకి, పరిష్కారాన్ని యాజమాన్యం ముందుంచుతారు. మన దేశంలో ఈ పద్ధతిని మొట్టమొదట ప్రవేశపెట్టిన ఘనత హైదరాబాదు సమీపంలోని రామచంద్రాపురం భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారానిది. అది 1980వ సంవత్సరం. ఆ ఉద్యమాన్ని దేశమంతటా విస్తరింపజేయడానికి 1982లో ఏర్పడిన జాతీయ సంస్థకు కేంద్రం కూడా మన జంటనగరాలే అయింది. ఆలోచించడం పైవారి పని అన్న టేలర్ పద్ధతికి ఇది పూర్తిగా భిన్నమైన దారి. మర దగ్గర నిలబడిన మనిషి నోరు విప్పడానికి ఇక్కడ ఒక సమయం, ఒక స్థలం కేటాయించారు.

సృజన ఎందుకు పెరుగుతుంది?

పనిని మలచుకోవడానికి, సృజనకు ఉన్న సంబంధం యాదృచ్ఛికం కాదు. దీనికి మూడు కారణాలు కనిపిస్తాయి.

ఒకటి, కొత్త సమాచారం. సృజన అంటే శూన్యంలోనుండి ఏదో ఊడిపడడం కాదు. వేర్వేరు చోట్ల ఉన్న రెండు విషయాలు ఒకరి మనస్సులో కలుసుకోవడం. కచేరిలోని జనభాష, తాళపత్రాలలోని కావ్యభాష బ్రౌన్ మనస్సులో కలిశాయి. మగ్గం, కార్ఖానా మల్లేశం మనస్సులో కలిశాయి. తన బల్ల దాటి పదిమందిని పలకరించే ఉద్యోగికి ఇటువంటి కలయికలు ఎక్కువగా లభిస్తాయి.

రెండు, ప్రయోగానికి అవకాశం. తన పని మీద తనకు కొంత అధికారం ఉన్నదని భావించినవాడు చిన్నచిన్న ప్రయోగాలు చేస్తాడు. ఒకటి విఫలమైతే మరొకటి చేస్తాడు. ప్రతి అడుగుకు అనుమతి అడగవలసినవాడు మొదటి అడుగే వేయడు.

మూడు, అంతఃప్రేరణ. జీతం కోసం, మెప్పు కోసం మాత్రమే చేసే పనిలో కన్నా, ఆ పని మీద మమకారంతో చేసేదానిలో సృజన ఎక్కువగా వికసిస్తుందని థెరిసా అమాబైల్ వంటి మనస్తత్త్వ పరిశోధకులు వివరించారు. గిడుగు కొండలెక్కింది జీతం కోసం కాదు.

అయితే అన్ని మార్పులూ సృజనకు దారి తీయవు. నెదర్లాండ్స్‌కు చెందిన మారియా టిమ్స్, ఆర్నాల్డ్ బాకర్ మొదలైన పరిశోధకులు ఈ విషయాన్ని మరింత లోతుగా పరిశీలించారు. కొత్త విద్య నేర్చుకోవడం, తోటివారి సలహా కోరడం, క్లిష్టమైన బాధ్యతను తలకెత్తుకోవడం ఒక విధమైన మార్పులు. కష్టమైన పనిని తప్పించుకోవడం, చిక్కు మనుషులకు దూరంగా ఉండడం మరొక విధమైన మార్పులు. పనిపట్ల ఉత్సాహాన్ని పెంచేవి మొదటి విధమైనవే. రెండవవి కొంత విశ్రాంతినివ్వవచ్చు గాని కొత్తదనాన్ని ఇవ్వవు. పనిని మలచుకోవడం వేరు, పని ఎగ్గొట్టడం వేరు అన్నది దీని సారాంశం.

హద్దులు, బాధ్యతలు

ఈ మార్గంలో ఉద్యోగి గుర్తుంచుకోవలసిన నియమాలు కొన్ని ఉన్నాయి. అప్పగించిన విధిని ముందు నెరవేర్చాలి. మిల్లు గుమస్తా నూకల రహస్యం కనిపెట్టినా తూకం లెక్క తప్పితే అతని మాట ఎవరూ వినరు. తాను చేసిన మార్పు తోటివారి మీద భారం కాకూడదు. ప్రాణభద్రతకు, ప్రజాధనానికి సంబంధించిన నియమాలను సొంతంగా మార్చరాదు.

సంస్థకూ బాధ్యతలున్నాయి. ఉద్యోగి స్వయంగా పనిని పెంచుకొంటున్నాడు కదా అని జీతం పెంచకుండా చాకిరి పెంచడానికి ఈ భావన సాకు కాకూడదు. కింది ఉద్యోగి చెప్పిన ఉపాయాన్ని పై అధికారి తన పేరు మీద వేసుకోకూడదు. బ్రౌన్ అప్పుల పాలయ్యాడు. గిడుగు వినికిడి పోగొట్టుకొన్నాడు. మల్లేశం ఎన్నో ఏళ్ళు అవహేళనను భరించాడు. వారి త్యాగాన్ని మనం కీర్తిస్తాం. కాని ప్రతి సృజనకు ఒక మనిషి అంతటి మూల్యం చెల్లించవలసి రావడం సమాజానికి గౌరవం కాదు. తీరిక సమయం, కొంత స్వేచ్ఛ, పొరపాటును సహించే మనస్సు, చేసిన మేలుకు గుర్తింపు అనే నాలుగింటిని సంస్థ సమకూర్చితే, అసాధారణ వ్యక్తులకు మాత్రమే సాధ్యమైనది సామాన్యులకు కూడా సాధ్యమవుతుంది.

ఈ నేర్పు ఉద్యోగంలో చేరిన నాడు హఠాత్తుగా రాదు. విద్యార్థి దశలోనే దానిని అభ్యసించాలి. పాఠాన్ని కంఠస్థం చేసి పరీక్షలో అప్పగించడం ఒక పద్ధతి. అదే పాఠంలోని మాటను ఇంట్లో తాత మాట్లాడే మాటతో పోల్చి చూడడం మరొక పద్ధతి. భౌతికశాస్త్రంలో చదివిన సూత్రాన్ని పొలం దగ్గరి మోటారులో వెదకడం, అర్థశాస్త్రంలో చదివిన ధరల పాఠాన్ని సంతలో పరీక్షించడం ఈ కోవకు చెందినవే. పాఠ్యప్రణాళిక మారదు, మార్కులూ వెంటనే పెరగకపోవచ్చు. కాని చదువు మనదవుతుంది.

రేపు మీకు ఏ ఉద్యోగం వస్తుందో ఎవరూ చెప్పలేరు. నియామక పత్రంలో మీ విధులు పది వాక్యాలలో రాసి ఉంటాయి. ఆ పది వాక్యాలను గౌరవించండి. వాటి కింద మిగిలిన ఖాళీ స్థలాన్ని కూడా గమనించండి. అక్కడ ఏం రాయాలో నిర్ణయించుకోవలసినవారు మీరే.

కఠిన పదాలకు అర్థాలు

యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా
కచేరి = ప్రభుత్వ కార్యాలయం, న్యాయస్థానం
వ్యాజ్యం = న్యాయస్థానంలోని తగవు, దావా
తాళపత్రం = తాటాకు
లేఖకుడు = ప్రతులు రాసేవాడు
అంతరం = తేడా
వ్యావహారికం = జనం మాట్లాడే భాషారూపం
యాదృచ్ఛికం = అనుకోకుండా జరిగినది
అంతఃప్రేరణ = లోపలినుండి కలిగే పురికొల్పు
అవహేళన = ఎగతాళి
మూల్యం = వెల

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. పనిని మలచుకొనే మూడు మార్గాలను మిల్లు గుమస్తా ఉదాహరణతో వివరించండి.
2. బ్రౌన్, గిడుగు తమ ఉద్యోగాల పరిధిని ఎట్లా విస్తరింపజేశారో తెలపండి.

ఆ) కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. టేలర్ పద్ధతి వల్ల కలిగిన మేలు, కీడు ఏవి?
2. ఆసు యంత్రం తయారు కావడానికి దారి తీసిన పరిస్థితులను రాయండి.
3. గనులలో, విద్యుత్ కేంద్రాలలో మార్పులు ఏ విధంగా చేయాలి? ఎందుకు?

ఇ) మీ ఇంట్లో లేదా మీ ఊరిలో పనిచేసే ఒకరితో మాట్లాడి, వారు తమ పనిలో సొంతంగా చేసుకొన్న ఒక మార్పును గురించి పది వాక్యాలు రాయండి.